‘వేడి చేసింది’ అంటే సరిపోదు

పోయిన నెల ఒక రాత్రి పదకొండింటికి మన గ్రూపులో ఒకమ్మాయి మెసేజ్ పెట్టింది. "మూత్రానికి వెళ్తే మంట, ప్రాణం పోతోంది, ఏం చేయాలి?" అని. తెల్లారేసరికి నలభై జవాబులు. వేడి చేసి ఉంటుంది, బార్లీ నీళ్లు తాగు, సబ్జా నానబెట్టుకో, పల్చటి మజ్జిగ, క్రాన్‌బెర్రీ జ్యూస్. ఒకావిడైతే ఇండియా నుంచి తెచ్చుకున్న నార్‌ఫ్లాక్స్ ఉంది, వచ్చి తీసుకెళ్లమన్నారు. అందరి మనసూ మంచిదే. కానీ ఆ నలభైలో ఒక్కరూ "ఎస్టీఐ టెస్ట్ కూడా చేయించుకో" అనలేదు. నేనూ అనలేదు. ఏమనుకుంటుందో అని ఊరుకున్నాను. అదే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

నిజమే, ఇలాంటి మంట చాలాసార్లు మామూలు యూరిన్ ఇన్‌ఫెక్షనే. ఆడవాళ్లకి మూత్రనాళం పొట్టి, పేగుల్లో ఉండే ఈ.కోలై తేలిగ్గా పైకి పాకుతుంది. దానికి ఇక్కడ ఇంగ్లండ్‌లో జీపీ అపాయింట్‌మెంట్ కోసం పడిగాపులు పడక్కర్లేదు. 2024 జనవరి 31 నుంచి ఫార్మసీ ఫస్ట్ అని పెట్టారు. 16 నుంచి 64 ఏళ్ల ఆడవాళ్లు, గర్భం లేకపోతే, నేరుగా ఫార్మసిస్ట్‌ని కలవొచ్చు. అవసరమైతే మూడు రోజుల మందు ఇస్తారు. ఇచ్చే ముందు కొన్ని ప్రశ్నలుంటాయి. తెల్లబట్ట మారిందా, గర్భమేమైనా ఉందా, లైంగికంగా సోకే ఇన్‌ఫెక్షన్ ఉండే అవకాశం ఉందా అని. ఆ చివరి ప్రశ్న దగ్గరే మనవాళ్లకి ఒళ్లు మండిపోతుంది.

నా స్నేహితురాలికీ మండింది. తను రాయమంటేనే రాస్తున్నాను. "పెళ్లయి పదకొండేళ్లు, ఇద్దరు పిల్లలు, నన్నేమనుకున్నాడు వాడు!" అంది. అలాంటిదేం లేదని చెప్పి మందు తెచ్చుకుంది. మంట తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. జీపీ మూత్రాన్ని కల్చర్‌కి పంపితే ఏమీ తేలలేదు. ఏమీ లేదన్నారు కదా అని మూడు నెలలు బార్లీ నీళ్లతో గడిపింది. చివరికి పొత్తికడుపులో నొప్పి అని వెళ్తే ఒక నర్సు స్వాబ్ తీయించింది. క్లమీడియా.

మామూలు యూరిన్ కల్చర్‌లో క్లమీడియా కనపడదు, దానికి వేరే టెస్ట్ చేయాలి. యూరిన్ ఇన్‌ఫెక్షన్‌కి ఇచ్చే మూడు రోజుల మందు దాన్ని నయం చేయదు. పదిమంది ఆడవాళ్లకి వస్తే కనీసం ఏడుగురికి ఏ లక్షణమూ తెలియదు. కాబట్టి టెస్ట్ పాజిటివ్ వచ్చినంత మాత్రాన అది ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో చెప్పలేం. వదిలేస్తే గర్భాశయం, ట్యూబుల దాకా పాకి పిల్లలు పుట్టడమే కష్టం కావచ్చు. పట్టుకుంటే మాత్రం సాధారణంగా వారం రోజుల మాత్రలు, అంతే. కాకపోతే భర్త కూడా చికిత్స తీసుకోవాలి, లేకపోతే మళ్లీ మొదటికొస్తుంది. గనేరియా, ట్రైకోమోనాస్, హెర్పీస్ పుండ్లు, వీటికీ ఇలాగే మంట ఉండొచ్చు.

ఇవన్నీ రాస్తే కాపురాలు కూలతాయని మన గ్రూపులోనే ఒక పెద్దావిడ అన్నారు. ఆవిడంటే నాకు గౌరవం, కానీ ఒప్పుకోను. కడుపుతో ఉన్నప్పుడు మిడ్‌వైఫ్ మొదట్లోనే తీసే రక్తంలో హెచ్ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బీ చూస్తారు. మనలో చాలామందిమి చేయి చాపి ఇచ్చాం. అప్పుడు ఎవరి పరువూ పోలేదే! మంట వచ్చినప్పుడు అడిగితే మాత్రం శీలం మీద అనుమానమా? అసలు మన భాషలో దీనికున్న పేరు చూడండి, సుఖవ్యాధి అట. మూడు నెలలు బాత్రూంలో పళ్లు బిగబట్టుకుని కూర్చున్నదాన్ని అడగండి, అందులో సుఖమెక్కడుందో. లేదంటే గోడల మీద రాసే గుప్తరోగాలు. గుప్తంగా ఉంచేకొద్దీ ముదిరేది ఆడవాళ్ల కడుపులోనే.

భయపడేవాళ్లకి ఇంకొన్ని మాటలు. సెక్సువల్ హెల్త్ క్లినిక్‌కి వెళ్లడానికి జీపీ ఉత్తరం అక్కర్లేదు. మీది ఏ వీసా అయినా ఈ టెస్టూ చికిత్సా ఉచితమే. మీ అనుమతి లేకుండా జీపీకి చెప్పరు. స్వాబ్ కూడా చాలావరకు మనమే తీసుకోవచ్చు, ఎవరి ముందూ బట్టలు విప్పక్కర్లేదు. ఇంగ్లిష్ రాకపోతే దుబాసీని వాళ్లే పెడతారు, అడగండి. భర్తనో, పదో క్లాసు చదివే కూతురినో పక్కన కూర్చోబెట్టుకుని ఈ మాటలు చెప్పడం ఎవరి వల్లా కాదు. ఇంకోటి. డిపెండెంట్‌గా వచ్చిన చాలామందికి జీపీ రికార్డులో భర్త ఫోన్ నంబరే ఉంటుంది, రిజల్ట్ మెసేజీలన్నీ ఆయనకే పోతాయి. ఈ వారమే మీ నంబరు ఇచ్చి మార్పించుకోండి. జ్వరం, వణుకు, నడుం పక్కల నొప్పి, వాంతులు ఉంటే మాత్రం ఇంట్లో కూర్చోకండి, అది కిడ్నీ దాకా పోయి ఉండొచ్చు. అదే రోజు జీపీకో, 111కో ఫోన్ చేయండి.

ఆ రాత్రి మెసేజ్ పెట్టిన అమ్మాయికి మొన్న విడిగా రాశాను. "ఇంకా తగ్గకపోతే ఆ టెస్ట్ కూడా చేయించుకో తల్లీ, కావాలంటే తోడొస్తా" అని. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. తప్పుగా అనుకుందేమో అని రెండు రోజులు మథనపడ్డాను. మూడో రోజు పొద్దున్నే వచ్చింది. "అక్కా, గురువారం మీకు వీలవుతుందా?"