గృహిణి – కంప్యూటరు: తాళపుచెవు లెవరిచేత నుండవలెను?

కుసుమంచిలోని కాకతీయులనాటి గణపేశ్వరాలయమును దర్శించి తీసికొన్న ఛాయాచిత్రములు పెన్‌డ్రైవులో నున్నవనుకొనుడు. ఉబుంటు కంప్యూటరులో స్నాప్ రూపమున చేర్చిన ప్రోగ్రాము వానిని తెరువజాలకపోవచ్చును. అంతమాత్రమున చిత్రములు చెడినవని కలతపడ నక్కరలేదు. అట్టి కొన్ని ప్రోగ్రాములకు హోమ్ ఫోల్డరు వరకే యనుమతి యుండును. పెన్‌డ్రైవునకు వేరుగా నీయవలెను.

పెట్టె బాగుచేయ వచ్చిన వడ్రంగికి ఆ పెట్టెను వసారాలోనికి తెచ్చి యిత్తుము గాని, బీరువా తాళపుచెవు లీయము. కంప్యూటరును ప్రోగ్రాములకు ఇట్టి హద్దునే గీచును. దీనిని శాండ్‌బాక్స్ అందురు. ఆపిల్ సంస్థ తన మాక్ యాప్ స్టోరునకు వచ్చు ప్రోగ్రాములకు 2012 జూను నుండి దీనిని విధించినది. అచ్చట 'ఓపెన్' నొక్కగా కనబడు ఫైళ్ల పట్టికను చూపునది కంప్యూటరే గాని ప్రోగ్రాము కాదు. విశేషానుమతి లేనిచో, మీరెంచిన ఫైలు మాత్రమే దానికి చేరును. ప్రక్కనున్న పట్టాదారు పాసుపుస్తకపు ప్రతియు, పిల్లల ధ్రువపత్రములును దాని కంటబడవు. ఫోల్డరునే యెంచితిరా, అందలి వన్నియు నిచ్చినట్లే.

కావున నడ్డు తగిలినపుడు ముందుగా ఫైలును హోమ్ ఫోల్డరులోనికి నకలు చేసి తెరచి చూడుడు. పెన్‌డ్రైవుతో నిత్యము పనియున్నచో, సెట్టింగులలో దానికి మాత్రమే యనుమతి నొసగుడు. విసుగుచే సర్వాధికార మీయకుడు. ఈ హద్దు లేని ప్రోగ్రాములును కలవు. గనుక ముఖ్యపత్రముల ప్రతి నొకదానిని వేరుచోట దాచుకొనుట మేలు. తాళపుచెవుల గుత్తి గృహిణి నడుమున నుండుటయే యింటికి క్షేమము.