కావలివానికి యజమాని యెవ్వరు?

గత సంవత్సరము తొమ్మిదవ తరగతిలో అమెరికా దేశచరిత్ర చెప్పుచుండగా నొక విద్యార్థి లేచి, "అయ్యా, ఆ దేశమున ప్రతి రాష్ట్రమునకును నేషనల్ గార్డు అను సేన యున్నదట. మన రాష్ట్రమునకు నట్టి సేన యేల లేదు?" అని యడిగెను. ఇంతలో గంట కొట్టిరి. ఆనాడు చెప్పవలసిన యుత్తరమును ఈ సంచికలో వ్రాయుచున్నాను.

అమెరికాలో 1636వ సంవత్సరమున మసాచుసెట్సు వలసవారు ఏర్పరచుకొనిన దళములు ఆ గార్డునకు మూలము. రైతు, వర్తకుడు, కమ్మరి తమ తమ పనులు చేసికొనుచు, ఆపద వచ్చినప్పుడు ఆయుధము పట్టుదురు. సామాన్యకాలమున వారికి రాష్ట్రపు గవర్నరు ఆజ్ఞ యిచ్చును. అవసరమైనప్పుడు దేశాధ్యక్షుడు వారిని తన యధీనమునకు దీసికొనును. మన రాజ్యాంగము పద్ధతి వేరు. సైన్యము కేంద్రమునకును, పోలీసు రాష్ట్రమునకును జెందినవి. మన వరంగల్లు చెంత మామునూరులో నున్న ప్రత్యేక పోలీసు పటాలము రాష్ట్రముది, సైన్యము కాదు.

అయినను మన సీమకు స్వంత సేన యెన్నడును లేకపోలేదు. హైదరాబాదు సంస్థానమునకు చిరకాలము సేనలుండెను. వాని చరిత్ర చదివినవారికి ఒక్క ప్రశ్న మాటిమాటికి నెదురగును: ఈ కావలివానికి యజమాని యెవ్వరు?

మొదట హైదరాబాదు కంటింజెంటు సంగతి చూడుడు. రెసిడెంటు హెన్రీ రస్సెలు కాలమున ఏర్పడిన రస్సెలు బ్రిగేడు దీనికి పునాది. జీతములు నిజాము ఖజానానుండి వచ్చెను. ఆజ్ఞలు మాత్రము ఇంగ్లీషు అధికారులవి. జీతపు బాకీలు పెరిగిపోగా 1853లో నిజాము బేరారు మొదలగు సీమలను కుంఫిణీవారి పరిపాలనకు అప్పగింపవలసి వచ్చెను. తన సొమ్ముతో పెంచిన సేన నిమిత్తమే తన సీమను పోగొట్టుకొనెను! 1858లో ఆ కంటింజెంటే సర్ హ్యూ రోజు క్రింద మధ్యహిందూస్థానమున యుద్ధము చేసెను. 1903లో దానిని బ్రిటిషు ఇండియా సైన్యమున గలిపివేసిరి. అందలి కాల్బలము పిమ్మట 19వ హైదరాబాదు రెజిమెంటు అయ్యెను. 1945లో దానికి కుమావు రెజిమెంటు అని పేరు మార్చిరి. 1947 నవంబరు 3వ తేదీన కాశ్మీరములోని బడ్గాంలో ప్రాణమర్పించి మొట్టమొదటి పరమవీరచక్రమును పొందిన మేజరు సోమనాథశర్మ ఆ రెజిమెంటువాడే.

రెండవది హైదరాబాదు లాన్సర్ల దళము. వీరు నిజాము రౌతులు. 1914లో ఓడలెక్కి ఈజిప్టునకు బోయి, సూయజు కాలువను కాచి, పాలస్తీనాలో యుద్ధము చేసిరి. 1918 సెప్టెంబరు 23వ తేదీన హైఫా పట్టణమును పట్టుకొనిన జోధపూరు, మైసూరు రౌతులు వీరి బ్రిగేడువారే. ఢిల్లీలోని తీన్‌మూర్తి స్మారకమున నిలిచిన మూడు విగ్రహములలో నొకటి హైదరాబాదు రౌతునకు గుర్తు. ఇది గౌరవింపదగిన సంగతియే. కాని ఆ యుద్ధమునకు పోవలెనా వలదా యని మన పల్లెల ప్రజల నెవ్వరును అడిగియుండలేదు.

మూడవది చెప్పుటకు కష్టమైన కథ. రజాకారు అను మాటకు స్వచ్ఛందసేవకుడని యర్థము. ఎంత మంచి మాట! అట్టి పేరు పెట్టుకొని, కాసిం రజ్వీ నాయకత్వమున, ఏ చట్టమునకును లొంగక తిరిగిన దళములు పల్లెలలో చేసిన ఘోరములు మన పెద్దలెరుగుదురు. బైరాన్‌పల్లివారు తామే రక్షకదళముగా నేర్పడి బురుజుపై కావలి కాచిరి; 1948 ఆగస్టు 27వ తేదీన ఆ యూరిపై బడి అనేకులను చంపిరి. సెప్టెంబరు 13వ తేదీన భారతసైన్యము సంస్థానమున ప్రవేశించెను. 18వ తేదీన సంస్థానసేనాధిపతి ఎల్ ఎద్రూసు మేజరు జనరలు చౌదరికి లొంగిపోయెను. ఇంతటితో కథ ముగించుట న్యాయము కాదు. తరువాత ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో ఏ పాపము నెరుగని మహమ్మదీయులు పెక్కుమంది హతులైరని పండిత సుందరలాలు సంఘము ప్రభుత్వమునకు నివేదించెను. చట్టము నిద్రించినచోట ఏ పక్షపువాడైనను బలహీనుని పైననే పడును.

ఇక విద్యార్థి యడిగిన అమెరికాకు మరల వత్తము. 1957 సెప్టెంబరులో ఆర్కన్సాసు రాష్ట్రమున లిటిల్ రాక్ పట్టణపు ఉన్నత పాఠశాలలో చేరవచ్చిన తొమ్మండుగురు నల్లజాతి విద్యార్థులను గవర్నరు ఫాబసు పంపిన నేషనల్ గార్డు లోపలికి పోనీయలేదు. ఆ నెల 24వ తేదీన అధ్యక్షుడు ఐసెన్‌హోవరు ఆ గార్డును తన యధీనమునకు దీసికొని, సైన్యమును గూడ పంపెను. మరునాడు పిల్లలు బడిలో ప్రవేశించిరి. నిన్న వారిని అడ్డగించిన ఆ గార్డే తరువాత వారికి కావలి కాచెను. దుస్తులు మారలేదు, తుపాకులు మారలేదు, ఆజ్ఞ మారెను.

"ఆజ్ఞను పాలించుటయే సైనికధర్మము గదా, ప్రశ్నించినచో సేన నిలుచునా?" అని కొందరనవచ్చును. నిజమే, విధేయత లేని సేన గుంపు మాత్రమే. కావుననే ఆజ్ఞ నిచ్చువాడు చట్టమునకు బద్ధుడై, ప్రజలకు జవాబుదారియై యుండవలెను. అట్లున్నాడో లేదో కనిపెట్టుట సైనికుని పని గాదు, పౌరుల పని. ఆ పని చేయుటకు పౌరులు చదువుకొనినవారై యుండవలెను.

నెక్కొండ స్టేషనులో సెలవుపై వచ్చి దిగు జవానును చూచి మన బాలురు ఉత్సాహపడుదురు. ఆ ఉత్సాహము మంచిదే. 1946లో బొంబాయిలో ఆరంభమైన హోంగార్డుల వ్యవస్థ నేడు మన రాష్ట్రమునను గలదు. తిరునాళ్లలోను, వరదలలోను వారు చేయు సేవ కొనియాడదగినది. ఎన్.సి.సి. యందు చేరుటయు మేలే. కాని ఏ పేరుతోనైనను, ఏ జెండా క్రిందనైనను మిమ్ము కవాతునకు పిలిచినవారిని మూడు ప్రశ్న లడుగుడు. మాకు ఆజ్ఞ యిచ్చువారెవరు? ఏ చట్టము ప్రకారము? ఆయన తప్పు చేసినచో శిక్షించువారెవరు? మూడింటికిని తిన్నని యుత్తరము రానిచో ఇంటికి మరలి రండు.

మరియొక మనవి. 1948లో పదేండ్ల బాలుడు నేడు తొంబదియేండ్లకు చేరువ. మీ యూరిలో అట్టి తాతలు, అవ్వలు ఇంక కొందరే మిగిలియుందురు. ఈ వేసవి సెలవులలో వారి యొద్ద కూర్చుండి, ఆనాడు చూచినది చెప్పుమని యడిగి, ఏ మతమువారు చెప్పినను విన్నది విన్నట్లు నోటుపుస్తకమున వ్రాసికొని రండు. సేనల పేర్లు, తేదీలు పుస్తకములలో దొరకును. కావలివాడే భయపెట్టిన రాత్రి ఎట్లుండునో వారి నోటనే వినవలెను.