అడిగేవాడుంటేనే లెక్క

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అమ్మ సంగతేమో గాని, ప్రభుత్వాల విషయంలో మాత్రం ఈ సామెత అక్షరాలా నిజం. పన్ను వేసేటప్పుడు మనల్ని ఎవరూ ప్రత్యేకంగా అడగరు. సబ్బు ధరలో, బిస్కట్టు ధరలో, పెట్రోలు ధరలో అది కలిసిపోయి మన జేబులోంచి వెళ్ళిపోతుంది. ఆ డబ్బు ఖర్చు పెట్టేటప్పుడూ మనల్ని అడగరు. ఇక మిగిలింది ఒక్కటే: ఖర్చయిన తర్వాత లెక్క చెప్పమని మనం అడగడం.

చట్టం అనుమతి లేకుండా ఏ పన్నూ వేయకూడదని మన రాజ్యాంగం 265వ అధికరణంలో స్పష్టంగా చెప్పింది. మంత్రిమండలి అంతా లోక్‌సభకు జవాబుదారీ అని 75వ అధికరణంలో చెప్పింది. ఈ జవాబుదారీతనం సభ జరిగే రోజుల్లో కంటికి కనపడే రూపమే ప్రశ్నోత్తరాల సమయం. మనలో ఎంతమందికి దాని మీద శ్రద్ధ ఉంది? క్రికెట్ స్కోరు మీద ఉన్న శ్రద్ధలో పదో వంతయినా ఉందా?

"మాకెందుకండీ ఈ గొడవ, మేమేమన్నా ఇన్‌కంటాక్సు కడుతున్నామా?" అనే మిత్రులున్నారు. నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టు దిగి వచ్చే కార్మికుడూ అదే మాట అంటాడు. కాని అతను తన స్కూటర్లో పోయించే ప్రతి లీటరుకీ పన్ను కడుతున్నాడు. 2025 సెప్టెంబరు 22న తీసేసేదాకా మనం రాసుకునే నోటు పుస్తకం మీద కూడా 12 శాతం జి.ఎస్.టి. ఉండేది. హాస్టలు మెస్సు బిల్లు కట్టడానికి తంటాలు పడే విద్యార్థి కూడా పన్ను కట్టే పౌరుడే. పన్ను కట్టినవాడికి అడిగే హక్కుంది.

ప్రశ్న బలమెంత?

లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు పెడతారు. వీటికి మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి. ఆ జవాబు మీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. అసలు పట్టు ఈ అనుబంధ ప్రశ్నల్లోనే ఉంది. మొదటి జవాబు కార్యాలయంలో అధికారులు రాసిచ్చింది. రెండో జవాబుకు మాత్రం మంత్రిగారి సొంత తెలివి కావాలి. నక్షత్ర గుర్తు లేని ప్రశ్నలు 230 దాకా ఉంటాయి. వాటికి రాతపూర్వకంగా జవాబిస్తారు. "సమాచారం సేకరిస్తున్నాము, సభ ముందుంచుతాము" అని మంత్రి అంటే అది హామీ కింద లెక్క. దాన్ని మూడు నెలల్లో నెరవేర్చాలి. నెరవేర్చారా లేదా అని చూడడానికి ప్రత్యేకంగా ఒక కమిటీ ఉంది.

ఇదంతా కాగితం మీద మాటేనా? కాదు. 1957లో ఏమయిందో చూడండి. హరిదాస్ ముంధ్రా అనే వ్యాపారి కంపెనీల వాటాలను జీవిత బీమా సంస్థ కోటి రూపాయలకు పైగా పోసి కొన్నది. ఆ డబ్బు లక్షలాది సామాన్యుల ప్రీమియం డబ్బు. దాని మీద సెప్టెంబరులో సభలో వేసిన ప్రశ్నకు సూటిగా జవాబు రాలేదు. అంతటితో వదిలేస్తే ఆ సంగతి అక్కడే సమాధి అయ్యేది. వదల్లేదు. డిసెంబరులో ఫిరోజ్ గాంధీ లెక్కలు చేతబట్టుకుని సభలో నిలబడ్డాడు. చాగ్లా ఏకసభ్య కమిషన్ బహిరంగంగా విచారణ జరిపింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి పదవి వదులుకోవలసి వచ్చింది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఫిరోజ్ గాంధీ ప్రతిపక్షం వాడు కాదు. అధికార పక్షం సభ్యుడే. పైగా ప్రధానమంత్రికి స్వయానా అల్లుడు! సొంత పార్టీ మంత్రిని లెక్క అడగడం ద్రోహమని ఆయన అనుకోలేదు. ఓటు వేసినవాళ్ళ డబ్బుకు కాపలా కాయడం తన ఉద్యోగమనుకున్నాడు.

లీటరు పెట్రోలు కథ

ఇప్పుడు మన ఉప్పల్ రోడ్డు మీదికి వద్దాం. 2021 ఫిబ్రవరిలో లీటరు పెట్రోలు మీద కేంద్రం సుంకం 32 రూపాయల 90 పైసలు. ఆ మొత్తంలో రాష్ట్రాలతో పంచుకోవలసిన మూల ఎక్సైజు సుంకం ఎంత? 1 రూపాయి 40 పైసలు! మిగతాదంతా సెస్సులు, ప్రత్యేక అదనపు సుంకం. సెస్సుల్లో, సర్‌ఛార్జీల్లో రాష్ట్రాలకు వాటా లేదు. 2000 సంవత్సరంలో వచ్చిన 80వ రాజ్యాంగ సవరణ వాటిని పంపకం లెక్కలోంచి బయట పెట్టింది.

మన తెలుగువాడు, ఉస్మానియాలో డాక్టరేటు చేసిన శ్రీ వై.వి. రెడ్డి అధ్యక్షతన 14వ ఆర్థిక సంఘం రాష్ట్రాల వాటాను 32 శాతం నుంచి 42 శాతానికి పెంచింది. అందరూ సంతోషించారు. 15వ ఆర్థిక సంఘం దాన్ని 41 చేసింది. జమ్మూ కాశ్మీరు కేంద్రపాలిత ప్రాంతం అయింది కాబట్టి ఆ ఒక్క శాతం తగ్గడం సబబే. కాని గరిటె పెద్దదయిందని మురిసిపోతే లాభమేమిటి, గిన్నె చిన్నదవుతుంటే? 1 రూపాయి 40 పైసల్లో 41 శాతమంటే 57 పైసలు. లీటరుకు 32 రూపాయల 90 పైసలు వసూలయితే, రాష్ట్రాలన్నీ కలిసి పంచుకునేది ఆ 57 పైసలు. అందులో తెలంగాణ వాటా 2021-26 కాలానికి 2.102 శాతం. ఎంతవుతుందో లెక్కల విద్యార్థులు చెప్పగలరు. పైసా కంటే కాస్త ఎక్కువ!

ఆ 32 రూపాయల 90 పైసల్లో రోడ్లు, మౌలిక సదుపాయాల సెస్సు ఒక్కటే 18 రూపాయలు. రోడ్ల పేరు చెప్పి వసూలు చేసిన డబ్బన్నమాట. మరి వరంగల్ వెళ్ళే 163వ నంబరు జాతీయ రహదారి మీద ఉప్పల్ నుంచి నారపల్లి దాకా వంతెన పని 2018లో మొదలయింది. ఆరు కిలోమీటర్లు దాటిన పని. ఏళ్ళ తరబడి నడిరోడ్డు మీద స్తంభాలు నిలబడ్డాయి గాని వంతెన నిలబడలేదు. బోడుప్పల్, పీర్జాదిగూడ, మేడిపల్లి నుంచి కాలేజీకి వచ్చిన వాళ్ళంతా ఎండలో దుమ్ము తిని, వానలో గుంతల్లో ఈదినవాళ్ళే. ప్రతి లీటరుకూ రోడ్డు సెస్సు కడుతూనే ఆ గుంతల్లో పడ్డారు. దీని మీద లెక్క అడిగితే ఆర్థిక శాఖ రోడ్ల శాఖను చూపిస్తుంది, రోడ్ల శాఖ కాంట్రాక్టరును చూపిస్తుంది. కాంట్రాక్టరు ఎవరిని చూపిస్తాడు? ఆకాశాన్ని!

ప్రశ్నలేని సభ

అడగకపోతే ఏమవుతుందో చూడాలంటే 2020 సంవత్సరం చాలు. జి.ఎస్.టి. వచ్చినప్పుడు రాష్ట్రాలకు ఒక మాట ఇచ్చారు. అయిదేళ్ళపాటు ఏటా 14 శాతం పెరుగుదల లెక్కన ఆదాయం తగ్గితే ఆ తగ్గుదల భర్తీ చేస్తామని. దానికోసమే సిగరెట్లు, కార్లు, శీతల పానీయాల వంటి వాటి మీద పరిహార సెస్సు వేశారు. కరోనా వచ్చింది, ఆదాయం పడిపోయింది. ఆగస్టులో జి.ఎస్.టి. కౌన్సిల్ సమావేశం తర్వాత ఆర్థిక మంత్రి, తెలుగింటి కోడలు శ్రీమతి నిర్మలా సీతారామన్ ఇది దైవఘటన అన్నారు, రాష్ట్రాలు అప్పు తెచ్చుకోవాలన్నారు. అప్పటి మన రాష్ట్ర ఆర్థిక మంత్రి శ్రీ హరీశ్‌రావు అలా కుదరదు, కేంద్రమే పూర్తిగా ఇవ్వాలని వాదించారు.

సెప్టెంబరులో పార్లమెంటు కూర్చుంది. కరోనా కారణం చెప్పి ఆ సమావేశాల్లో ప్రశ్నోత్తరాల సమయమే ఎత్తేశారు! రాతపూర్వక జవాబులు మాత్రం మిగిలాయి. సంచిత నిధి నుంచి ఈ పరిహారం ఇవ్వడానికి చట్టంలో వీలు లేదని, అటార్నీ జనరల్ అభిప్రాయం అదేనని ఆర్థిక మంత్రి సభకు చెప్పారు. ఆ నెలలోనే కాగ్ నివేదిక బయటికొచ్చింది. 2017-18, 2018-19 సంవత్సరాల్లో వసూలైన పరిహార సెస్సులో 47,272 కోట్ల రూపాయలు పరిహార నిధికి జమ చేయకుండా అదే సంచిత నిధిలో ఉంచుకున్నారని అందులో ఉంది. లెక్కలు సరిచూసుకోవడానికి పట్టిన సమయమే తప్ప దారి మళ్ళించలేదని ఆర్థిక శాఖ సంజాయిషీ ఇచ్చింది. కావచ్చు. కాని ఆ సంజాయిషీ చెప్పవలసిన చోటు సభ. పక్కనే కూర్చున్న సభ్యుడు లేచి "అయితే ఆ డబ్బు ఏ తేదీన ఏ పద్దులో ఉంది?" అని ఒక్క అనుబంధ ప్రశ్న వేసి ఉంటే ఎంత బాగుండేది! వేయడానికి గంటే లేకుండా పోయింది. చివరకు అక్టోబరులో కేంద్రమే రాష్ట్రాల తరఫున అప్పు తెచ్చిపెట్టడానికి ఒప్పుకుంది.

అవతలి వాదన

కేంద్రానికీ చెప్పుకునే మాటలున్నాయి. సెస్సు డబ్బు ఆకాశంలో ఖర్చు కాదు, రోడ్లయినా బడులయినా ఏదో ఒక రాష్ట్రంలోనే కదా అంటారు. నిజమే. బీహారు వంటి వెనకబడిన రాష్ట్రాలకు ఎక్కువ ఇవ్వాలంటారు. అందులోనూ పేచీ లేదు; ఉమ్మడి కుటుంబంలో సంపాదించే అన్న తమ్ముడికి పెట్టడం ధర్మమే. కాని ఎంత వచ్చింది, ఎంత పోయింది అనే చిట్టా అన్నదమ్ములందరి ముందూ విప్పాలి కదా!

అలాగని మన రాష్ట్ర ప్రభుత్వాలు శుద్ధపూసలని అనడం లేదు. కేంద్రం సుంకం మీద గోల పెట్టిన ఆ రోజుల్లోనే తెలంగాణలో పెట్రోలు మీద వ్యాట్ 35.20 శాతం, డీజిలు మీద 27 శాతం. కేంద్రం వేసిన సుంకం మీద కూడా వ్యాట్ పడుతుంది; పన్ను మీద పన్ను! శాసనసభలో ఆర్థిక మంత్రి ఏ పార్టీ వాడయినా, బడ్జెటు అంచనాకూ అసలు ఖర్చుకూ తేడా ఎంత అని అడిగేవాళ్ళు అక్కడా ఉండాలి. ఢిల్లీని అడిగే నోరు హైదరాబాదును అడగకపోతే అది న్యాయం కాదు, పార్టీ ప్రచారం.

మనం చేయగలిగింది

ఉప్పల్, నాచారం మల్కాజిగిరి లోక్‌సభ నియోజకవర్గంలోనివి. ముప్పై లక్షలకు పైగా ఓటర్లున్న నియోజకవర్గం. 2024లో ఇక్కడ గెలిచిన శ్రీ ఈటల రాజేందర్ 2014 నుంచి 2018 దాకా తెలంగాణ మొదటి ఆర్థిక మంత్రి. అంటే జవాబులు చెప్పే బల్ల మీద కూర్చుని, తర్వాత ప్రశ్నలు వేసే బల్ల మీదికి వచ్చిన మనిషి. మంత్రుల జవాబుల్లో ఏ మాట వెనక ఏ సంఖ్య దాక్కుంటుందో ఇలాంటివారికి తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది? ఆయన అధికార పక్షం సభ్యుడు కదా అంటారేమో. ఫిరోజ్ గాంధీ ఎవరు మరి?

కాబట్టి మన యూనియన్‌కు ఒక సూచన. గోడల మీద నినాదాలు రాయడం మనకు బాగా వచ్చు. దానితోపాటు ఏటా పార్లమెంటు సమావేశాలకు ముందు అయిదు ప్రశ్నలు రాసి మన ఎం.పి.గారి చేతికిద్దాం. ప్రశ్న నోటీసు కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి కాబట్టి ముందే మేలుకోవాలి. గడిచిన అయిదేళ్ళలో తెలంగాణలో వసూలైన రోడ్డు సెస్సు ఎంత, ఈ రాష్ట్రంలో రోడ్ల మీద పెట్టింది ఎంత? ఉప్పల్ - నారపల్లి పనికి ఏ ఏడాది ఎంత విడుదలయింది, ఆలస్యం వల్ల అంచనా ఎంత పెరిగింది? మొత్తం కేంద్ర పన్నుల్లో సెస్సులు, సర్‌ఛార్జీలు ఎన్ని శాతం? ఇలా సూటిగా, సంఖ్య అడిగేవిగా ఉండాలి. "ప్రభుత్వానికి తెలుసునా" అని ఉపన్యాసం దంచితే "తెలుసును" అని ఒక్క ముక్కతో ముగించేస్తారు.

జవాబు వచ్చాక చదవాలి. ఇది ఇంకా ముఖ్యం. పార్లమెంటు జవాబులన్నీ అందరికీ అందుబాటులో ఉన్నాయి. కామర్సు వాళ్ళు లెక్క చూడండి, పొలిటికల్ సైన్సు వాళ్ళు హామీ నెరవేరిందో లేదో చూడండి, తెలుగు వాళ్ళు దాన్ని నలుగురికీ అర్థమయ్యే భాషలో రాసి నోటీసు బోర్డులో పెట్టండి. అది చదివిన నాచారం కార్మికుడి కొడుకు ఇంటికెళ్ళి "నాన్నా, నువ్వూ టాక్సు కడుతున్నావు" అని చెబితే చాలు. సగం పని అయినట్టే.

రాజుల సొమ్ము రాళ్ళపాలు అని మన పెద్దలన్నారు. ఇప్పుడు రాజులు లేరు. సొమ్ము మనది, రాళ్ళూ మన ఉప్పల్ రోడ్డువే. అడుగుదాం మిత్రులారా!