దత్తతకి మూడున్నరేళ్ళా అని అడిగేవాళ్ళకి

మొన్న మధ్యాహ్నం క్యాంటీన్లో మా టీం కుర్రాడొకడు పక్కన కూర్చుని, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు. "అన్నా, మీరు కారా ద్వారానే కదా పాపని తెచ్చుకుంది. మూడున్నరేళ్ళు ఎలా ఆగారు? మా ఆవిడ వాళ్ళ ఊళ్ళో ఓ నర్సు ఉంది. ఎవరో పెళ్ళికాని పిల్లకి వచ్చే నెల కాన్పట. బర్త్ సర్టిఫికెట్ నేరుగా మా పేర్లతోనే వచ్చేట్టు చూస్తానంటోంది."

నాకు ముద్ద దిగలేదు. తిట్టాలనిపించింది గానీ తిట్టలేదు. పెళ్ళై తొమ్మిదేళ్ళు, ఆస్పత్రుల చుట్టూ తిరిగి తిరిగి ఉన్నారు పాపం. మేమూ ఆ దారిన వచ్చినవాళ్ళమే. "దాన్ని దత్తత అనరు తమ్ముడూ, కొనుక్కోవడం అంటారు. ఐదేళ్ళ దాకా జైలు, లక్ష జరిమానా" అని మాత్రం చెప్పి లేచొచ్చేశాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను, చదువుతాడని తెలుసు.

ఈ రూల్స్ ఢిల్లీలో ఎవరో ఊసుపోక రాసినవి కాదు. 1999లో, మళ్ళీ 2001లో, మన హైదరాబాదులోనే కొన్ని దత్తత సంస్థల బండారం బయటపడింది. తండాల్లో పేద లంబాడా కుటుంబాల నుంచి ఆడపిల్లల్ని నామమాత్రం డబ్బుకి కొని, విదేశీ దత్తతలకి పంపారు. తల్లులే ఇష్టపడి అప్పగించినట్టు కాగితాలు పుట్టించారు. పేపర్లలో ఆ వార్తలు వచ్చినప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. చదివి, పేజీ తిప్పేసినట్టు గుర్తు.

అందుకే ఇప్పుడు, బిడ్డని అప్పగించిన తల్లికి మనసు మార్చుకోవడానికి 60 రోజులు ఇస్తారు. దొరికిన పిల్లలైతే పేపర్లో ప్రకటన వేస్తారు, పోలీసులు వెతుకుతారు. ఎవరూ రాలేదని తేలాకే బాలల సంక్షేమ సమితి ఆ బిడ్డని దత్తతకి ఇవ్వొచ్చని ప్రకటిస్తుంది. రెండేళ్ళలోపు పిల్లలకి రెండు నెలలు, పైవాళ్ళకి నాలుగు నెలల గడువు. ఆ నర్సు చెప్పే పద్ధతిలో ఎగిరిపోయేది ఈ భాగమే. రేపు ఆ పిల్ల ఏడుస్తూ నా బిడ్డని నాకిచ్చెయ్యమంటే వినే నాథుడుండడు.

సరే, మరి మూడేళ్ళు ఎందుకు పడుతుంది? ఆఫీసుల జాప్యం లేదని అనను. కానీ 2015 నుంచి దేశమంతటికీ ఒకటే ఆన్‌లైన్ క్యూ. కోర్టు వాయిదాల గొడవ కూడా 2022 సెప్టెంబరుతో పోయింది, దత్తత ఉత్తర్వు కలెక్టరే ఇస్తున్నారు. అసలు చిక్కు లెక్కల్లో ఉంది. క్యూలో ఉన్నవాళ్ళు ముప్ఫై వేల పైమాటే. 2024-25లో జరిగిన దత్తతలు 4,515. పన్నెండేళ్ళలో అదే ఎక్కువట!

పిల్లలు తక్కువన్నది నిజమే. అయితే ఆ తక్కువలో కూడా మిగిలిపోయేవాళ్ళు ఉన్నారు. ఆరేళ్ళు దాటినవాళ్ళు, గుండెకి ఆపరేషన్ కావలసినవాళ్ళు, విడదీయకూడని అన్నాచెల్లెళ్ళు. మనందరం రాసే క్వెరీ ఒకటే కదా: రెండేళ్ళలోపు, పూర్తి ఆరోగ్యం. మనవాళ్ళెవరూ ముందుకు రాని పిల్లల్లో కొందరు ఇటలీకో అమెరికాకో వెళ్తున్నారు.

2019లో ఆ ఫారం నింపినప్పుడు మేమూ అదే టిక్కు పెట్టాం. ఒక్క నిమిషం కూడా ఆగలేదు. ఫోన్ కొనేటప్పుడు ర్యామ్ గురించి అంతకంటే ఎక్కువ ఆలోచించి ఉంటాను. ఇల్లు చూడ్డానికి వచ్చిన సోషల్ వర్కర్ చిన్నపిల్లే ఎందుకని అడిగితే మా అమ్మ అందుకుని, "ఊహ తెలియని పిల్లయితే మన పిల్లే అనుకుంటుంది కదమ్మా" అంది. ఆవిడ ఏమీ అనకుండా రాసుకుంది. (ఏ కులం పిల్లో కనుక్కున్నారా అన్న బంధువుల గురించి ఇంకో టపా రాయాలి.)

ఆ రిపోర్టు మూడేళ్ళే చెల్లుతుంది. 2022లో మళ్ళీ రాయించుకోవలసి వచ్చినప్పుడు నేనూ మా ఆవిడా రాత్రంతా కూర్చుని వాదించుకున్నాం. ఊహ తెలియని పిల్ల కావాలనడంలో మన భయం తప్ప ఇంకేమైనా ఉందా అంది తను. వయసు గడి మార్చి నాలుగు నుంచి ఆరు అని పెట్టాం. ఆరోగ్యం గడి మాత్రం మార్చలేదు. అంత ధైర్యం లేకపోయింది. ఇది చెప్పకపోతే పై పేరాలో అందరికీ క్లాసు పీకినదంతా దొంగమాట అవుతుంది.

ఆర్నెల్లకి ఫోటో, మెడికల్ రిపోర్టు వచ్చాయి. 48 గంటల్లో చెప్పాలి. అక్కడికి నాలుగో గంటలోనే చెప్పేశాం.

వ్యవస్థ మీద నా ఫిర్యాదు దీని తర్వాతే మొదలవుతుంది. కాగితాలకి చూపించిన శ్రద్ధలో సగం, ఐదేళ్ళ పిల్ల ఇంటికొచ్చాక ఏం జరుగుతుందో చెప్పడానికి చూపిస్తే బావుండేది. రెండేళ్ళపాటు ఆర్నెల్లకోసారి సోషల్ వర్కర్ వచ్చి చూసి వెళ్తారు. మొదటిసారి ఆవిడ వచ్చినప్పుడు మా అమ్మాయి బాత్రూంలోకెళ్ళి గడియ పెట్టుకుంది. నేను తలుపు కొడితే లోపల్నుంచి, "బట్టలు సర్దుకోవాలా?" అని అడిగింది. అలా అడుగుతుందని, అడిగితే ఏం చెప్పాలో మాకెవరూ చెప్పలేదు. పెద్ద పిల్లల్ని తీసుకెళ్ళి కొన్ని నెలలకే తిరిగి అప్పగించినవాళ్ళున్నారు. వాళ్ళని తిట్టడం తేలిక. వాళ్ళకీ ఎవరూ చెప్పి ఉండరు. మా ఆవిడ తలుపు బయటే నేలమీద కూర్చుని, అరగంట ఏదో మాట్లాడుతూ ఉండిపోయింది. ఆ సోషల్ వర్కర్ కూడా టీ తాగకుండా కూర్చున్నారు.

తమ్ముడూ, ఆ నర్సుకి ఇవాళే ఫోన్ చేసి వద్దని చెప్పు. పాన్ కార్డులు, పెళ్ళి సర్టిఫికెట్, ఆదాయం కాగితాలు, ఇద్దరి డాక్టర్ సర్టిఫికెట్లు పట్టుకుని శనివారం మా ఇంటికి రా. నా దగ్గర స్కానర్ ఉంది. మీ ఆవిడని కూడా తీసుకురా. వయసు గడి దగ్గర మాత్రం నేను పక్కన ఉండను, మీరిద్దరే నింపుకోండి.