యంత్రము చెప్పిన తీర్పునకు కారణము అడుగరాదా?

దరఖాస్తు, జామీను, వసూలు, బాకీ – ఋణవ్యవహారములో మనము నిత్యము వాడు ఈ మాటలు ఉర్దూ ద్వారా తెలుగులో స్థిరపడినవే. ఇప్పుడు వాటి సరసన ‘స్కోరు’ అను మరొక మాట చేరినది. 300 మొదలు 900 వరకు గల ఈ అంకె, మనిషి అప్పునకు అర్హుడగునా కాడా అను ప్రశ్నను చాలవరకు క్షణములో తేల్చివేయుచున్నది. చిత్తూరు మామిడి రైతునకైనను, నగరి మరమగ్గపు నేతగానికైనను, తిరుపతిలో యాత్రికులను నమ్ముకొని బ్రతుకు చిరువ్యాపారికైనను, ఇంజనీరింగు సీటు వచ్చిన మన సోదరికైనను ఇదియే గీటురాయి.

పూర్వము ఈ నిర్ణయము బ్రాంచి మేనేజరుది. ఆయనకు అభిమాన దురభిమానములు ఉండకపోలేదు. కాని ఎదుట కూర్చుండి గోడు చెప్పుకొనుటకు వీలుండెడిది. చిత్తూరు కేంద్రముగా పనిచేసిన సప్తగిరి గ్రామీణ బ్యాంకు సయితము 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయినది. బ్యాంకులు పెద్దవగుకొలది నిర్ణయము ఊరికి దూరమగుచున్నది.

యంత్రమునకు కులమతములు లేవు, లంచము తీసుకొనదు అని కొందరు వాదింతురు. అందులో కొంత సత్యము లేకపోలేదు. అయితే యంత్రము పాత లెక్కలను చూచి నేర్చుకొనును. కొన్ని బ్యాంకులు ముస్లిములు అధికముగా నివసించు ప్రాంతములను ప్రతికూల ప్రాంతములుగా గుర్తించినవనియు, అచ్చట ఋణములు సులభముగా లభించుట లేదనియు 2006 నాటి సచార్ సంఘము నివేదిక తెలిపినది. అట్టి లెక్కలే యంత్రమునకు పాఠ్యపుస్తకమైనచో, దరఖాస్తులో మతము అను గడిని తొలగించినంత మాత్రమున దోషము పోదు. పిన్‌కోడు ఒక్కటి చాలును. దళితవాడకైనను, నేతన్నల పేటకైనను ఇదే గతి పట్టవచ్చును.

మరి న్యాయమార్గము కలదా? కలదనియే మా విశ్వాసము. ఋణగ్రహీత ఖాతాను మోసపు ఖాతాగా ప్రకటించుటకు ముందు అతని వాదన వినవలెనని తెలంగాణ హైకోర్టు 2020 డిసెంబరులో తీర్పు చెప్పినది. సుప్రీంకోర్టు 2023 మార్చి 27న దానిని సమర్థించి, ఉత్తర్వులో కారణములు ఉండవలెనని కూడ స్పష్టము చేసినది. ఆ వ్యాజ్యము యంత్రమును గూర్చినది కాకపోయినను, సూత్రము మనకు అక్కరకు వచ్చునదే. స్కోరు తక్కువగా ఉన్నదన్న కారణముతో విద్యాఋణమును నిరాకరింపరాదని కేరళ హైకోర్టు 2023లో పలికినది. జర్మనీలోని షూఫా సంస్థను గూర్చిన వ్యాజ్యములో ఐరోపా న్యాయస్థానము 2023 డిసెంబరు 7న మరొక అడుగు ముందుకు వేసినది. బ్యాంకు ప్రధానముగా స్కోరు మీదనే ఆధారపడినచో, ఆ స్కోరు కట్టుటయే యంత్రము చేసిన నిర్ణయమగునని తేల్చినది.

మన చట్టములలో లోటు లేకపోలేదు. రాజ్యాంగములోని 15వ అధికరణములో మతము, కులము, స్త్రీపురుష భేదముల పేర వివక్షను నిషేధించు మొదటి భాగము ప్రభుత్వమును కట్టడి చేయును. ప్రభుత్వరంగ బ్యాంకులు ఆ పరిధిలోనివి. ప్రైవేటు బ్యాంకులకు, ఋణయాప్‌లకు అది సూటిగా వర్తింపదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము సయితము, ఐరోపాలో వలె, కేవలము యంత్రము చేసిన నిర్ణయమును నిరాకరించు హక్కును ప్రసాదింపలేదు. కావున నిరాకరణకు వ్రాతపూర్వకమైన కారణము, మనిషిచే పునఃపరిశీలన, ఏ వర్గమునకు ఎంత నిరాకరణ జరిగినదో చూపు వార్షిక తనిఖీ – ఈ మూడింటిని పార్లమెంటు శాసనము చేయవలెనని మా అభిప్రాయము.

అంతవరకు చేతులు ముడుచుకొని కూర్చుండ పనిలేదు. ప్రతి ఋణసమాచార సంస్థ నుండి ఏటికొకసారి పూర్తి నివేదిక ఉచితముగా పొందవచ్చును. అందులోని తప్పును గూర్చిన ఫిర్యాదు 30 దినములలో పరిష్కారము కానిచో, ఆపై దినమునకు 100 రూపాయల చొప్పున పరిహారము ఇవ్వవలెనన్న రిజర్వు బ్యాంకు నియమము 2024 ఏప్రిల్ నుండి అమలులోనికి వచ్చినది. అప్పటికిని న్యాయము జరుగనిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయింపవచ్చును.

ఈ అర్జీలను ఉర్దూ, తెలుగు విద్యార్థులు కలిసి వ్రాసిపెట్టుటకు, వారమునకొక మధ్యాహ్నము, గ్రంథాలయములో ఒక బల్లను కేటాయింపవలసినదిగా కళాశాల కమిటీ వారిని సవినయముగా కోరుచున్నాము. వచ్చే విద్యాసంవత్సరము ఋణదరఖాస్తుల వేళకే ఇది ఆరంభమైనచో, కారణము తెలియక చదువు మానుకొను వారిలో కొందరినైనను నిలుపగలమని మా ఆశ.