తెమడ పరీక్షను సరిచూసేదెవరు?

రెండు వారాలకు మించి దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించుకోవాలని ప్రభుత్వం చెబుతోంది. మన సంఘాల్లోనూ ఆ మాట చెబుతున్నాం. మన మాట విని ఒక కూలిమనిషి పని మానుకుని ఆసుపత్రికి వెళ్తాడు, డబ్బాలో తెమడ ఇస్తాడు, రిపోర్టు తెచ్చుకుంటాడు. ఆ రిపోర్టు ఎంతవరకు నమ్మదగినదని మాత్రం మనలో ఎవరమూ అడగం.

ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. 2025 నాటికి క్షయను అంతం చేయాలని దేశం లక్ష్యం పెట్టుకుంది. అందుకోసం సీబీనాట్, ట్రూనాట్ యంత్రాలు వచ్చాయి. మైక్రోస్కోపుకు అందనంత తక్కువ క్రిములున్నా ఇవి పట్టుకుంటాయి. రిఫాంపిసిన్ మందుకు క్రిమి లొంగుతుందో లేదో కూడా చెబుతాయి. ఇది పేదవాడికి నిజమైన మేలు. కానీ యంత్రం తనకిచ్చిన నమూనా గురించే చెబుతుంది. తెమడకు బదులు ఉమ్మి ఇస్తే జబ్బు దొరక్కపోవచ్చు. డబ్బాల మీద పేర్లు తారుమారైతే ఒకరి జబ్బు మరొకరి పేరున నమోదవుతుంది.

జబ్బు ఉన్నా లేదని రాస్తే ఆ మనిషి ఇంటికి వెళ్లి పిల్లల పక్కనే దగ్గుతూ ఉంటాడు. లేని జబ్బు ఉందని రాస్తే ఆరు నెలలు మాత్రలు మింగుతాడు. ఆ ఇంట్లో పెళ్లీడు ఆడపిల్ల ఉంటే నష్టం ఆరు నెలలతో పోదు.

ఈ తప్పులను పట్టుకోవడానికి క్షయ కార్యక్రమంలో పద్ధతులు లేకపోలేదు. చదివేసిన స్లైడ్లలో కొన్నింటిని ఎంచి, మొదటి ఫలితం తెలియనివ్వకుండా మరొకరిచేత చదివిస్తారు. ల్యాబ్ సూపర్‌వైజర్లు కేంద్రాలకు వెళ్లి రంగుల ద్రావణాలు, రిజిస్టర్లు చూస్తారు. ఇదంతా సాగేది దాన్ని చేసే మనిషి ఉన్నప్పుడే. ఆ కుర్చీ ఖాళీగా ఉన్నా ల్యాబ్ ఆగదు, రిపోర్టులు వస్తూనే ఉంటాయి. అందుకే ఈ ఖాళీ ఎవరి కంటా పడదు.

ఇలాంటి ఉద్యోగాలు చాలావరకు కాంట్రాక్టువి. ఎంపికలో చదువు మార్కులకే పెద్దపీట. సిఫారసులకు తావు ఉండకూడదన్న ఆ ఉద్దేశాన్ని మేము తప్పుబట్టం. అయితే ల్యాబ్ నాణ్యత చూసేవారికి కావలసింది మార్కులొక్కటే కాదు. కొన్ని రోజులుగా కంట్రోల్ విలువలు ఒకే వైపు జరిగిపోతున్న రిజిస్టరు చేతికిస్తే, ‘ఈ రోజు రిపోర్టులు బయటికి పంపకండి’ అని చెప్పగలగాలి. అభ్యర్థులందరికీ అవే స్లైడ్లు, అదే రిజిస్టరు ఇచ్చి, ముందే రాసిపెట్టుకున్న సమాధానాలతో పోల్చి మార్కులు వేయవచ్చు. అందులో సిఫారసుకు చోటుండదు, పనితనమూ బయటపడుతుంది.

మరో మాట. ఇన్ని పరీక్షలు చేయాలని లక్ష్యం మోస్తున్న అధికారి కిందే నాణ్యత చూసే ఉద్యోగిని పెడితే, పరీక్షలు ఆపమని అతను ఎలా చెబుతాడు? ఏటా కాంట్రాక్టు పొడిగింపు కోసం అదే అధికారి సంతకం కావలసినవాడు నోరు విప్పడు. అతని నివేదిక నేరుగా పై స్థాయికి వెళ్లే ఏర్పాటు ఉండాలి.

క్షయకు మందులు లేని కాలంలోనే మిషన్లు కలిసి మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో శానిటోరియం నెలకొల్పాయి. ఈ రోగుల బాధ్యత మనకు కొత్త కాదు. మీ మండలంలోని ల్యాబ్‌కు సూపర్‌వైజర్ ఉన్నారా, చివరిసారి ఎప్పుడు వచ్చి చూశారు? సంఘ పెద్దలు ఆసుపత్రిలో మర్యాదగా అడగవలసిన ప్రశ్నలివి. ఎంఎల్‌టీ చదివిన మన పిల్లలకు కూడా ఈ పనిని గౌరవమైనదిగా పరిచయం చేద్దాం. ఆ పని సరిగ్గా జరిగినంత కాలం వారి పేరు రోగికి తెలియకపోవచ్చు, కానీ చేతికొచ్చిన రిపోర్టును ఆ రోగి నిశ్చింతగా నమ్మవచ్చు.