ముల్లు మాట వినని వాడు

నా దగ్గరో పాత మారుతి ఓమ్నీ ఉంది. వెనక సీటు తీయించి, పడుకోవడానికి ఒక బల్ల, వంట సామాను పెట్టుకోవడానికి ఒక పెట్టె అమర్చుకున్నాను. ఈ బండి తయారీ 2019లోనే ఆగిపోయింది. నాది మాత్రం ఇంకా తిరుగుతోంది. ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది కనుక, దానికి జ్వరమొస్తే ఆ సెగ ముందుగా తగిలేది మనకే!

పోయిన మే నెలలో బెంగుళూరు నుండి లేపాక్షికి బయలుదేరాం. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర హైవే వదిలాక ఉష్ణోగ్రత ముల్లు పైకి పాకసాగింది. "ఇంకెంత, గుడి దాకా పోదాం" అనుకున్నాను. ఏకశిలా నందిని చేరేసరికి ముల్లు ఎర్రగీతను తాకింది, ఆవిరి చిమ్మింది.

మా తమ్ముడు గుడ్డ చుట్టి రేడియేటరు మూత తిప్పబోతే చెయ్యి పట్టి లాగేశాను. మూత బిగించి ఉన్నంతసేపూ లోపలి ఒత్తిడి వల్ల నీరు వంద డిగ్రీలు దాటినా మరగదు. సముద్రమట్టానికి 600 మీటర్ల పైనున్న ఆ సీమలో, మూత తీస్తే సుమారు 98 డిగ్రీలకే మరుగుతుంది. అంటే తీసిన క్షణమే ఆ నీరంతా పొంగి ముఖాన పడుతుంది. గంటసేపు నీడన ఆగడం తప్ప మార్గం లేదు.

తరువాత హిందూపురంలో మెకానిక్కు చూసి, "థర్మోస్టాట్ పీకేస్తే సరిపోతాది సార్" అన్నాడు. మన రోడ్ల మీద ఎన్నో ఏళ్ళుగా చెలామణీ అవుతున్న వైద్యమిది. నేను ఒప్పుకోలేదు. అది ఇంజను తగినంత వేడెక్కేదాకా నీటిని రేడియేటరులోకి పోనివ్వని తలుపు. చెడితే కొత్తది వేయాలి గానీ, తలుపే లేకుండా చేస్తే ఇంజను చల్లగా నడిచి పెట్రోలు ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది. అసలు రోగం అలాగే ఉంటుంది.

ఆ రోగమేమిటో రేడియేటరు విప్పితే తెలిసింది: గొట్టాల నిండా తెల్లని పొర. ఏళ్ళ తరబడి దొరికినచోటల్లా నేను పోసిన బోరునీళ్ళ ఫలితం. ఆ ఉప్పునీళ్ళ సున్నం పేరుకుని, వేడి బయటికి పోయే దారి మూసేసింది. ఎండను తిట్టుకున్నాను గానీ, తప్పు నాదే.

ఇప్పుడు డిస్టిల్డ్ వాటరులో కూలెంటు కలిపి పోస్తున్నాను. బయలుదేరే ముందు గొట్టాలు, ఫ్యాను చూస్తున్నాను. ముల్లు కదిలితే ఎర్రగీత దాకా ఆగకుండా అక్కడే బండి ఆపేస్తున్నాను.

లేపాక్షిలో వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి మరీ పరీక్షిస్తాం. కళ్ళెదుటి ముల్లును మాత్రం నమ్మం. పాత బండ్లను చంపేది వయసు కాదు, మన ఉపేక్షేనని నా అభిప్రాయం. మీరేమంటారు?